ఓడ పుస్తకం ధర

ఓడ పుస్తకం ధర ఈమధ్య మళ్ళీ పెరిగింది. పెరిగితే నాకేం ఒరుగుతుందని తిట్టుకుంటూనే చూశాను. పొద్దున కాఫీ గ్లాసు పక్కన పెట్టుకుని వేలం పేజీ తెరవడం నాకు ఎన్నో ఏళ్ళ అలవాటు. నేను అమ్మేదీ లేదు, కొనేదీ లేదు. అయినా ఎక్కడో లండన్‌లోనో బొంబాయిలోనో ఎవరో ఒక పాత బొమ్మల పుస్తకానికి పాట పెంచుకుంటూ పోతుంటే, చివరి అంకె పడేదాకా కాఫీ చల్లారబెట్టుకుని కూర్చుంటాను. చూసినవాళ్ళు పిచ్చి అంటారు. పిచ్చే, కాదనను.

ఓడ పుస్తకం అన్నది మేం పెట్టుకున్న పేరు. పిల్లల కోసం బొమ్మల కథల పత్రిక ఒకటి వచ్చేది. దాని మొట్టమొదటి సంచిక అది. అట్ట మీద నీలం సముద్రం, సముద్రంలో తెరచాపల ఓడ, చుట్టూ బొటనవేలంత తెల్ల అంచు. ఇలాంటివి సేకరించేవాళ్ళు కథ చూడరు, ముందు ఆ అంచు చూస్తారు. అంచు మచ్చ లేకుండా ఉంటే ఒక ధర, ఒక్క మరక కనపడితే అందులో పదో వంతు. మూల మడత పడితే పెదవి విరుస్తారు. ఎవరూ చదవనట్టు కనిపించే పుస్తకానికే గిరాకీ. పుస్తకమంటే చదివి చదివి నలిపెయ్యడమే అనుకునే ఇంట్లో పుట్టినదాన్ని, మొదట్లో ఈ లోకాన్ని చూస్తే నాకు నవ్వొచ్చేది.

మా నాన్న అమీర్‌పేటలో అద్దె పుస్తకాల షాపు నడిపేవాడు. మెయిన్ రోడ్డు మీంచి లోపలికి వచ్చే సందులో ఒకటే గది. మూడు గోడలకీ కప్పు దాకా నవలలు, ముందు ఒక బల్ల, పక్కన పిల్లలు కూర్చుని బొమ్మల పుస్తకాలు చదువుకోవడానికి ఒక బెంచీ. అద్దెకిచ్చే పుస్తకానికి ఆయుష్షు ఉండదు. అందుకని కొత్త పుస్తకం రాగానే నాన్న దాని అట్ట పీకేసి, గోధుమరంగు అట్ట వేసి, దబ్బనంతో కుట్టి, వీపుకి గుడ్డ అంటించి, పేజీ పేజీకీ షాపు ముద్ర కొట్టేవాడు. సేకరించేవాళ్ళు చూస్తే గుండె ఆగి పడిపోతారు. అయితే పిల్లల పుస్తకాల విషయంలో ఆయనకొక పద్ధతి ఉండేది. ప్రతి సంచికా రెండేసి కొనేవాడు. ఒకటి బెంచీకి, ఒకటి పెట్టెకి. బెంచీ మీది పుస్తకం పిల్లల చేతుల్లో పేలికలయ్యాక, పెట్టెలోది తీసి కుట్టి బెంచీ మీద పెట్టేవాడు. ఎండు వేపాకు పరిచిన రేకు ట్రంకుపెట్టె అది. ఆ పత్రిక మూతపడేనాటికి పదో పన్నెండో సంచికలు బయటికి తియ్యాల్సిన అవసరం రాకుండా అందులోనే ఉండిపోయాయి. వాటిలో ఓడ పుస్తకం ఒకటి.

నేను డిగ్రీలో ఉండగా నాన్న పోయాడు. ఉన్నట్టుండి, షాపులోనే, బల్ల మీద తల వాల్చి. ఆ తర్వాత కొన్ని నెలలు మా అమ్మ మాట్లాడలేదు. అలక కాదు, మౌనవ్రతం కాదు. అడిగితే తలూపేది, పెడితే తినేది, గోడకేసి తిరిగి పడుకునేది. మధురానగర్‌లో మాది రెండు గదుల అద్దె ఇల్లు. ఆ రెండు గదుల్లో మాట లేకుండా గడిచిన నెలలు తలచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు జలదరిస్తుంది. సోమాజిగూడలో డాక్టరుకి చూపించాను, బలానికి మాత్రలు రాశాడు. బలం వస్తే మాట వస్తుందా. ఒక్కోరోజు కుక్కర్ విజిల్ వేస్తే, ఇంట్లో ఏదో ఒకటి నోరు విప్పిందని ఊరట కలిగేది.

చివరికి షాపు ఖాళీ చేసి, పుస్తకాలు తూకానికి వేసేద్దామని ఇద్దరం వెళ్ళాం. షట్టర్ ఎత్తి దుమ్ము దులుపుతుంటే పాత పాఠకురాలు ఒకావిడ వచ్చి, తను సగంలో ఆపిన నవల రెండో భాగం ఉందా అని అడిగింది. వెతికాం, దొరకలేదు. ఆవిడ వెళ్ళిపోబోతుంటే అమ్మ గొంతు వినపడింది.

"కూర్చోండి, తర్వాత ఏమైందో నేను చెప్తాను."

చెప్పింది. చీపురు చేత్తో పట్టుకునే, ఆ నవలంతా, చివర్లో కోర్టు తీర్పు దాకా పూస గుచ్చినట్టు చెప్పింది. నేను సందులోకి వచ్చి గోడకి ఆనుకుని ఏడ్చాను. మర్నాటి నుంచి షాపు అమ్మది.

అందుకే ఆ షాపు నా లెక్కలో పుస్తకాల షాపు కాదు, మా అమ్మ గొంతు. షట్టర్ ఎత్తితే మాట వచ్చేది, దించితే పోయేది. ఇంటికొచ్చాక మళ్ళీ అంతంతమాత్రమే, కానీ తెల్లారితే షాపుకి వెళ్ళాలన్న ధ్యాస మొహంలో కనపడేది. నాకది చాలు. అంతకంటే ఆవిణ్ణి ఏమీ అడగదలచుకోలేదు.

ఆ రోజుల్లో ఊళ్ళో సాఫ్ట్‌వేర్ తప్ప ఇంకో మాట ఉండేది కాదు. అమీర్‌పేటలో బస్సు దిగితే ముందు చేతిలో కరపత్రం పడేది, తర్వాతే కాలు నేల మీద పడేది. ఒక్కో బిల్డింగుకి మొహం కనపడకుండా బోర్డులు. చెప్పుల షాపు పోయి ఒక ఇన్‌స్టిట్యూట్, ఇడ్లీ బండి వెనక మెట్లెక్కితే ఇంకో ఇన్‌స్టిట్యూట్. నేనేం తక్కువ తిన్లేదు, అలాంటిదాంట్లోనే టెస్టింగ్ పాఠాలు చెప్పేదాన్ని. సాఫ్ట్‌వేర్‌లో తప్పు ఎక్కడ దాక్కుంటుందో ముందే ఎలా పసిగట్టాలో ఒక హాలు నిండా పిల్లలకి మైకులో చెప్పడం నా ఉద్యోగం. ఆ పిల్లలే సాయంత్రం హాస్టల్‌కి పోతూ పోతూ అమ్మ దగ్గర నవలలు తీసుకెళ్ళేవాళ్ళు. అందుకని ఆ బోర్డుల మీద నాకు కోపం ఉండేది కాదు. కోపం తర్వాత వచ్చింది.

మా అమ్మకొక అలవాటుంది. ఏదైనా మంచి పని మీద గడప దాటే వస్తువుకి పసుపు పెట్టకుండా పంపేది కాదు. నా పదో తరగతి హాల్ టికెట్‌కి నాలుగు మూలలా పసుపు. నాన్న స్కూటర్‌కి, గల్లాపెట్టెకి, నా అపాయింట్‌మెంట్ లెటర్‌కి, మేం కొన్న సెకండ్‌హ్యాండ్ కంప్యూటర్‌కి కూడా పసుపూ కుంకుమా. వినాయక చవితికి నా క్లాసు పుస్తకాలన్నీ పీట పక్కన పేర్చి వాటికీ బొట్లు. ఇందులో ఆవిణ్ణొక్కదాన్నే అనాల్సిందేం లేదు. మా ఇన్‌స్టిట్యూట్ పిల్లలు ఇంటర్వ్యూలకి పట్టుకెళ్ళే ఫైళ్ళలో సగానికి మూలలు పసుపు పూసుకునే ఉండేవి. హైదరాబాద్ సాఫ్ట్‌వేర్ అంతా పసుపుకొమ్ముల మీదే నడుస్తోందని నేను క్లాసులో అంటే పకపకా నవ్వేవాళ్ళు. మా నాన్న మాత్రం షాపు పుస్తకాల జోలికి అమ్మని పసుపుతో రానిచ్చేవాడు కాదు. గల్లాపెట్టెకి పెట్టుకో, తలుపుకి పెట్టుకో, పుస్తకాలకి వద్దు అనేవాడు. ఆవిడ మూతి ముడుచుకుని ఊరుకునేది.

పాత బొమ్మల పుస్తకాల పిచ్చి నాకు ఉద్యోగంలో చేరాక పట్టింది. చిన్నప్పుడు బెంచీ మీద చదివినవి మళ్ళీ కావాలనిపించి ఫుట్‌పాత్‌ల మీద వెతకడం మొదలుపెట్టాను. దొరికినవి తెచ్చి ట్రంకుపెట్టెలోవాటి పక్కన దాచుకునేదాన్ని. తర్వాత ఇంటర్నెట్ సెంటర్లో కూర్చుని, ఇలాంటి పిచ్చివాళ్ళు ప్రపంచంలో ఇంకెవరైనా ఉన్నారా అని చూస్తే, కోకొల్లలు. అక్కడే ఒకరోజు మధ్యాహ్నం వేలం పేజీలో ఓడ పుస్తకం కనపడింది. కింద ఉన్న ధర చూసి సున్నాలు ఎక్కువ పడ్డాయేమోననుకున్నాను. పక్క కేబిన్‌లో అబ్బాయిని పిలిచి చదివించాను. అతనూ అంతే చదివాడు.

ఇంటికెళ్ళి చెబితే అమ్మ నమ్మలేదు. "బెంచీ మీద పిల్లలు ముక్కు తుడుచుకున్న పుస్తకానికా?" అంది. అప్పట్లో అమ్మే ఆలోచన ఇద్దరికీ లేదు. ధరలు చూడటం నాకొక సరదా, అంతే. ఎవరి పెళ్ళికో ఎవరో నగలు పెట్టుకుంటే చూసి సంతోషించినట్టు చూసేదాన్ని.

ఆ సరదా ఒక ఆషాఢంలో చచ్చిపోయింది. బిల్డింగు యజమాని షాపుకి వచ్చి బెంచీ మీద కూర్చున్నాడు. ఈ ఊరివాడే. అమీర్‌పేటలో వరి పండినప్పటి సంగతులు చెప్పేవాడు. నాన్నకి స్నేహితుడు, అమ్మని చెల్లె అంటాడు. మంచినీళ్ళు తాగి, చాలాసేపు గ్లాసు తిప్పుతూ కూర్చుని అప్పుడు చెప్పాడు.

"చెల్లె, పైన ఇన్‌స్టిట్యూటోళ్ళు కిందిదిగూడ కావాలంటున్నరు. మెట్లు ఈ గదిలకెల్లి ఏసుకుంటరంట. అడ్వాన్స్ మస్తు ఇస్తమంటున్నరు. నా కొడుకులు నా పానం తింటున్నరు. మీరు గా అడ్వాన్స్ ఇయ్యగలిగితె నేను ఎవ్వర్ని రానియ్య. దసరా దాక ఆగుత. గంతకంటె నాతోని కాదు."

అమ్మ ఒక్క మాట అనలేదు. షాపులో ఉండి అమ్మ మాట్లాడకపోవడం అదే మొదటిసారి.

మేం ఇవ్వగలిగిన అడ్వాన్స్ కాదది. అప్పు పుట్టే కుటుంబం కాదు మాది. వేరే చోట గది చూద్దామంటే, చుట్టుపక్కల గదులన్నింటికీ అదే ధర, అదే ఇన్‌స్టిట్యూట్ల పోటీ. ఆ వారమంతా నేను క్లాసులో ఏం చెప్పానో నాకే తెలియదు. ఇంటికొస్తే అమ్మ గోడకేసి తిరిగి పడుకుని ఉండేది. ఆ వీపు నాకు తెలుసు. ఒకసారి చూశాను ఆ వీపుని, ఇంకోసారి చూసే ఓపిక నాకు లేదు.

"ఓడ పుస్తకం అమ్మేద్దామా?" అన్నాను ఒకరోజు, ఆ వీపుతోనే.

ఇటు తిరిగింది. "నాన్న పెట్టె ఉన్నదే అందుకు కదే," అంది. "ముందుది చినిగితే రెండోది బయటికి తీయడానికి."

ఆ క్షణం నుంచి నాకు ధరలు చూడటం సరదా కాదు, జ్వరం. బొంబాయిలో ఒక వేలం కంపెనీకి ఫొటోలు పంపాను. పుస్తకం బావుంది, చేత్తో పట్టుకుని చూడాలి, మా మనిషి హైదరాబాద్ వచ్చినప్పుడు కబురు చేస్తాం అని జవాబిచ్చారు. ఆ మనిషి వచ్చేదాకా నా బతుకు ఇంటర్నెట్ సెంటర్లోనే. ఒకచోట అలాంటి ప్రతే వేలానికొచ్చి నేననుకున్న ధర పలికితే, లేచి వెళ్ళి ఒంటరిగా మిర్చి బజ్జీలు తిన్నాను. ఇంకోచోట అంచు మీద మరక ఉన్న ప్రతి వచ్చింది. ఎవరూ పట్టించుకోలేదు, పాత పేపరు ధరకి పోయింది. ఆ రోజు ఇంటికొచ్చి మా పుస్తకాన్ని దీపం దగ్గర పట్టుకుని నాలుగు వైపులా చూశాను. మల్లెపువ్వులా ఉంది.

"తడి చేత్తో ముట్టుకోకు. ఎండలో పెట్టకు. దాని మీద ఏమీ బరువు పెట్టకు," అని అమ్మకి వెయ్యిసార్లు చెప్పాను.

"నాకు చెప్తున్నావా? నువ్వు పుట్టకముందు నుంచీ ఆ పెట్టె సర్దుతున్నది నేనే," అంది. కొంచెం పాత అమ్మలా అంది. నాకెంత సంతోషమేసిందో.

వినాయక చవితి వెళ్ళిన వారంలోనే కబురొచ్చింది. వేలం కంపెనీ మనిషి పంజాగుట్టలో ఒక హోటల్లో దిగాడు, మధ్యాహ్నం రమ్మన్నాడు. పొద్దున బ్యాచ్ వదలడానికి కుదరక, పుస్తకం సిద్ధంగా పెట్టమని అమ్మకి చెప్పి వెళ్ళాను. క్లాసయ్యి షాపుకి వచ్చేసరికి, నా పెళ్ళి కోసమని దాచుకున్న ఎర్ర పట్టు జాకెట్టు ముక్కలో పుస్తకాన్ని పొందికగా చుట్టి, పైన దారం కట్టి ఉంచింది.

"అన్నీ చూసి పెట్టాను. దారిలో విప్పకు, దుమ్ము పడుతుంది. ఎవరూ ఎదురు రాకముందే బయల్దేరు," అంది.

సందు మలుపు తిరిగేదాకా షట్టర్ దగ్గర నిలబడి చూసింది. తుమ్మినవాళ్ళు కూడా లేరు. పంజాగుట్ట చౌరస్తాలో ఇంకా తియ్యని మండపం ఒకటి ఉంటే, ఆటోలోంచే దణ్ణం పెట్టుకున్నాను.

వేలం కంపెనీ మనిషి యాభై దాటినవాడు. మనవైపువాడే, బందరు నుంచి బొంబాయి వెళ్ళి స్థిరపడ్డవాడు. టేబుల్ మీద తెల్ల గుడ్డ పరిచి, చేతులకి గ్లవ్స్ తొడుక్కుని, దారం ముడి ఓపిగ్గా విప్పాడు. జాకెట్టు ముక్క మడతలు ఒక్కొక్కటే తీశాడు. తీసి, చేతులు వెనక్కి తీసుకుని కూర్చున్నాడు.

నాలుగు మూలలా పసుపు. తెల్ల అంచు మీద, వేలిముద్రతో సహా, గంధంలా కలిపి పెట్టిన పసుపు. మధ్యలో సముద్రం మీద, సరిగ్గా ఓడ ముందు, గుండ్రంగా కుంకుమ బొట్టు. కాగితం ఆ నాలుగు చోట్లా తడి పీల్చుకుని ఉబ్బింది.

"అమ్మగారు పెట్టారా?" అన్నాడాయన.

నేను తలూపాను.

"నా మొదటి ఇంటర్వ్యూ కాగితానికి మా అమ్మ కూడా ఇలాగే పెట్టిందండి," అన్నాడు. వెటకారం కాదు, నిజంగా బాధగానే అన్నాడు. ఆయన మంచివాడు కాకపోయినా బావుండేది, ఎవరో ఒకరి మీద అరవడానికైనా ఉండేది.

"తుడిస్తే పోదా?"

"పసుపు కదండీ."

అంతే. ఇంకో మాట అక్కర్లేదు. టెస్టింగ్ పాఠాలు చెప్పేదాన్ని, లోకంలో ఉన్న తప్పులన్నీ ముందే ఊహించి రాయిస్తాను పిల్లలతో. తడి, ఎండ, బరువు, ఎలుకలు, చెదలు అన్నీ ఊహించాను. నా హాల్ టికెట్ నుంచి నా కంప్యూటర్ దాకా పసుపు పెట్టిన చెయ్యి దీనికి పెట్టదని ఎలా అనుకున్నానో నాకిప్పటికీ అంతుపట్టదు. అక్కడే కూర్చుని, పరాయి మనిషి ముందు, ముక్కు చీదుకుంటూ ఏడ్చాను. ఆయన మంచినీళ్ళు తెప్పించాడు.

"మిగతా సంచికలు ఉన్నాయన్నారు కదా," అన్నాడు నేను తేరుకున్నాక. "అవన్నీ మచ్చ లేకుండా ఉంటే ఒక సెట్‌గా పెట్టి చూస్తాను. విడివిడిగా అయితే రాదు గానీ, అన్నీ కలిపితే మీరనుకున్నదానికి దగ్గరగా వస్తుంది. రేపు పొద్దున్నే తెండి. నేను మధ్యాహ్నం వెళ్ళిపోతున్నాను."

పోయిన ప్రాణం లేచొచ్చింది. మెట్లు దిగుతూనే షాపుకి ఫోన్ చేశాను.

"కుదిరిందా?" అంది అమ్మ, మొదటి రింగుకే ఎత్తి.

పసుపు సంగతి చెప్పలేదు. ఎలా చెప్పను? షాపుని నువ్వే నీ చేత్తో పోగొట్టబోయావని ఫోన్లో చెప్పనా, ఆ మనిషికి?

"ధర దగ్గర కుదర్లేదమ్మా. మిగతా పుస్తకాలు కూడా చూస్తానన్నాడు. రేపు పొద్దున తీసుకెళ్ళాలి."

"పుస్తకం నచ్చలేదా ఆయనకి?"

"నచ్చింది. ధర దగ్గరే."

"అలాగా," అని పెట్టేసింది.

పెట్టె జోలికి వెళ్ళకని చెబుదామని మళ్ళీ నొక్కబోయి ఆగాను. చెబితే ఎందుకని అడుగుతుంది. పెట్టె మధురానగర్‌లో ఇంట్లో ఉంది, అమ్మ అమీర్‌పేటలో షాపులో ఉంది, షాపు వదిలి పగలు ఎప్పుడూ కదలదు. ఇంటికెళ్ళగానే నేనే తీసి, నేనే సర్దుకుని, పొద్దున్నే పట్టుకుపోతే సరి. దారిలో ఆగి ప్లాస్టిక్ కవర్లు కొన్నాను, ఒక్కో పుస్తకానికి ఒక్కోటి. ఆ తర్వాత యజమాని ఇంటికి వెళ్ళి, రేపు సాయంత్రానికి మాట చెబుతాను, ఇన్‌స్టిట్యూట్‌వాళ్ళకి అప్పటిదాకా ఏమీ చెప్పొద్దని బతిమాలాను.

"రేపటిదాక ఏంది బిడ్డా, దసరా దాక అన్న కద. ఫికర్ చెయ్యకు," అన్నాడు. "మీ నాయిన షాపు, నాకు సుత ఉండాల్ననే ఉంది."

ఆ మాట అమ్మకి చెబుదామని షాపు సందులోకి దాదాపు పరిగెత్తుకుంటూ వచ్చాను. అసుర సంధ్య వేళ. క్లాసులు వదిలి పిల్లలు గుంపులుగా హాస్టళ్ళకి పోతున్నారు. షాపులో లైటు వేసి ఉంది. బెంచీ మీద రేకు ట్రంకుపెట్టె ఉంది, మూత తెరిచి.

అమ్మ బల్ల ముందు స్టూల్ మీద కూర్చుని ఉంది. ఎదురుగా చిన్న వెండి గిన్నెలో పసుపు. ఒక చేత్తో పుస్తకం పట్టుకుని, ఇంకో చేతి ఉంగరపు వేలితో మూలకి అద్దుతోంది, ఒత్తితే నొప్పి పుడుతుందేమోనన్నంత మెత్తగా. పెట్టినవి గాలికి ఆరడానికి బల్ల మీద వరసగా పరిచి ఉన్నాయి. పెట్టాల్సినవి పక్కన ఇంకా మూడో నాలుగో ఉన్నాయి.

"షట్టర్ దించి ఇంటికెళ్ళి ఆటోలో తెచ్చానే," అంది నన్ను చూసి. మొహం వెలిగిపోతోంది. "నువ్వు ఫోన్ చేసినప్పటి నుంచి ఆలోచిస్తూనే ఉన్నా. ఒక్కదానికే పెట్టి మిగతావాటిని వదిలేశాను కదా, అందుకే పని ముడిపడలేదేమో అనిపించింది. మీ నాన్న పుస్తకాలకి పెట్టనిచ్చేవారు కాదు. పెట్టనిచ్చి ఉంటే ఇన్ని కష్టాలు వచ్చేవి కావేమో. నువ్వు తిడతావని చేతులు శుభ్రంగా తుడుచుకునే పెడుతున్నా, చూడు. పొద్దున కూడా అంతే."

నా చేతిలో ప్లాస్టిక్ కవర్లు గరగరలాడాయి. చెప్పేద్దామని నోరు తెరిచాను. ఆపమ్మా, అని ఒక్క మాట. ఆపితే ఆ నాలుగూ మిగులుతాయి. నాలుగింటితో అడ్వాన్స్ రాదు, షాపు నిలబడదు. మిగిలేదల్లా, తన చెయ్యి ఏం చేసిందో అమ్మకి తెలియడం ఒక్కటే. నాన్న పోయినప్పుడు ఎవరి తప్పూ లేకుండానే నోరు పడిపోయిన మనిషి ఈవిడ. నాకు లోపల్నించి ఒక కేక వస్తోంది. ఆ కేక గొంతులోనే ఉండిపోయింది, ఇప్పటికీ ఉంది.

"అలా నిలబడ్డావేంటి? ఫ్యానుకి అట్టలు ఎగురుతున్నాయి, పట్టుకో," అంది.

నేను స్టూల్ లాక్కుని ఎదురుగా కూర్చున్నాను. ఒక్కో పుస్తకం తీసి ఆవిడ ముందు పెట్టి, అట్ట ఎగరకుండా రెండు చివరలా పట్టుకున్నాను. ఆవిడ పెట్టింది. నాలుగు మూలలా పసుపు, మధ్యలో కుంకుమ. ఆ పుస్తకంలో ఏ కథ ఉండేదో, బెంచీ మీద ఏ పిల్లాడు దాన్ని వదలనని ఏడ్చేవాడో చెబుతూ పెట్టింది. అంతసేపు, అంత ఉత్సాహంగా అమ్మ మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు. చివరిది నేనే అందించాను.

మర్నాడు పంజాగుట్టకి వెళ్ళినట్టే వెళ్ళి, ఖైరతాబాద్ దాకా నడిచి, నడిచి వెనక్కి వచ్చాను. ఇప్పుడు అమ్మడం లేదట, ధరలు పడ్డాయట, కొన్నాళ్ళు ఆగమన్నారు అని చెప్పాను. దసరాకి షాపు ఇచ్చేశాం. యజమాని తాళంచెవి తీసుకుంటూ కళ్ళు తుడుచుకున్నాడు. షాపు ఉన్నచోట ఇన్‌స్టిట్యూట్ మెట్లు వచ్చాయి. ఆ మెట్ల మీద కూర్చుని పిల్లలు నోట్సు జిరాక్సులు పంచుకునేవాళ్ళు, నేను తల దించుకుని పోయేదాన్ని.

అమ్మ మళ్ళీ గోడకేసి తిరిగింది. ఈసారి ఏ పాఠకురాలూ రాలేదు. రావడానికి షట్టర్ ఎక్కడుంది? నేను వంట చేసేదాన్ని, ఎదురుగా కూర్చుని తినిపించేదాన్ని, నవలలు చదివి వినిపించేదాన్ని. పలుకు లేదు. ఒక సాయంత్రం ఏం మాట్లాడాలో తోచక, విసుగొచ్చి, ఇవాళ ఓడ పుస్తకం ఫలానా చోట ఇంతకి పోయిందమ్మా అని, నా పాటికి నేను అన్నాను. వీపు కదిలింది. ఇటు తిరిగింది.

"ఎంతకి?"

చెప్పాను. మళ్ళీ చెప్పించుకుంది. కాసేపు ఏదో లెక్క వేసుకుంది.

ఇక ఆ రోజు నుంచి ఆవిడ పోయేదాకా, పొద్దున్నే ధర చూసి సాయంత్రం చెప్పడం నా పని. అందుకే ఈ అలవాటు, ఇంకెందుకూ కాదు. వేలం లేని రోజుల్లో నా నోటికొచ్చిన అంకె చెప్పేదాన్ని. ఆ ఒక్క సంగతికే నోరు విప్పేది. చివరి నెలల్లో మంచం మీంచి లేవలేకపోయినా చెవి మాత్రం నావైపే ఉండేది. ఒకసారి ధర బాగా పెరిగిందని చెబితే, నా చెయ్యి పట్టుకుని, ఇంకా ఆగుదామే అంది.

"మనవాటికి ఇంతకంటే ఎక్కువే వస్తుంది. పసుపు పెట్టి ఉంచాం కదా."

అవునమ్మా అన్నాను.